చల్లగది తలుపు

పూల వ్యాపారంలో నష్టం కంటికన్నా ముందు ముక్కుకు తెలుస్తుంది. ఆ మధ్యాహ్నం చల్లగదిలోంచి మగ్గిన వాసన కొట్టింది. పెళ్ళివారి కోసం దాచిన గులాబీలు, ఇంకా మొగ్గలుగా ఉండాల్సినవి, విచ్చుకుని రేకులు రాలుస్తున్నాయి.

ఆ దుకాణం ఇద్దరు తోటికోడళ్ళది. పెద్దామె చిన్నామె మీద విరుచుకుపడింది.

"తలుపు వారగా వదిలేసి ఫోనులో కబుర్లాడతావు. సరుకు నిద్రపోవాలా వద్దా?"

"నేను కాదక్కా."

"మరి గులాబీలే లేచి తలుపు తీశాయా?"

చిన్నామె ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టింది. "ఏడాదిగా చూస్తున్నా. ఊఁ అంటే తప్పు, ఉహూఁ అంటే తప్పు. వేరుపడదాం."

"నీ ఇష్టం," అంది పెద్దామె. కానీ ఆమెకు తెలుసు, చిన్నామె లేకపోతే ఈ దుకాణం ఒంటెద్దు బండి.

అంతలో పెద్దామె గుండెల్లోంచి సెగ పుట్టి మెడ మీదుగా నడినెత్తికి పాకింది. నెలసరి ఆగి ఏడాది కావస్తోంది. "వయసుతో హార్మోన్లు తగ్గడం సహజమే. మందులున్నాయి, చూద్దాం. కానీ నిద్ర లేక, వేళకు తినక, ఎప్పుడూ ఆందోళనతో ఉంటే ఈ సెగలు ఇంకా వేధిస్తాయి," అంది ఆమధ్య చూపించుకున్నప్పుడు డాక్టరమ్మ. ఆవిడకేం, చీకటితో లేచి మార్కెట్‌కు పరిగెత్తేది నేను కదా అనుకుంది పెద్దామె. మళ్ళీ వెళ్ళలేదు. ఆ రోజూ భోజనం బదులు టీ తాగి పనిలో పడింది.

ఇప్పుడూ చల్లగదిలోకే నడిచింది. లోపలి గడియ మొండికేస్తుందన్న భయంతో కాలితోనే బక్కెట్టును తలుపుకు అడ్డం తోసి, గులాబీల పక్కన ఖాళీ పెట్టె మీద కూలబడింది. చెమట ఆరేదాకా కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి గుమ్మంలో చిన్నామె. చూపు బక్కెట్టు మీద ఉంది.

"రోజూ ఇలాగేనా అక్కా?"

పెద్దామె లోలోపల లెక్క వేసుకుంది. పొద్దున లారీవాడితో గొడవయ్యాక ఒకసారి. టీ తాగాక ఇంకోసారి. నిన్నా, మొన్నా ఇంతే. చలవంతా అలా బయటికి పోతుంటే ఏ యంత్రం మాత్రం ఏం చేస్తుంది? తన ఒంటినీ ఇన్నేళ్ళుగా అలాగే తెరిపి లేకుండా వాడింది.

"తలుపు తీసింది నేనే," అంది. "నిన్ను అనడం తప్పు."

"ఒంట్లో బాగోకపోతే నోరు విప్పకూడదా? బేరానికైతే బజారంతా వినపడేలా అరుస్తావు."

పెద్దామె నడుముకున్న వ్యాను తాళంచెవి తీసి అందించబోయింది. పదిహేనేళ్ళుగా దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. "రేపట్నించి మార్కెట్‌కు నువ్వెళ్ళు. నేను పడుకుంటా. డాక్టరమ్మ దగ్గరికీ వెళ్తా."

చిన్నామె చెయ్యి చాపలేదు. "నేను ఎంచిన పూలకు వంక పెట్టవుగా?"

"పెడతాను. భోజనం చేశాక."

ఇద్దరికీ నవ్వు రాలేదు. చిన్నామె తాళంచెవి అందుకుని, మళ్ళీ ఏప్రన్ కట్టుకుంది. రాలిన రేకులు ఇద్దరూ గంపకెత్తారు. ఆ నష్టం పూడేది కాదు.

పెద్దామె బక్కెట్టు తీసి, బయట నిలబడి, చల్లగది తలుపు గట్టిగా మూసింది.