పోశం నింపిన కాగితం

నేను అక్షరాలు నేర్చుకున్నది పెద్ద వయసులో. ఒత్తులు తప్పితే మన్నించండి. ఒక్క పేజీ రాయడానికి నాకు నాలుగు రోజులు పడుతుంది, అందుకే ఈ కథ ఇన్నేళ్లు ఆలస్యమైంది. బడిలో జరిగింది శారద మేడం చెప్పగా విన్నాను. ఇంట్లో జరిగింది కళ్లారా చూశాను.

పోశం కాపీలు తీసే సైక్లోస్టయిల్ మిషన్ పిడి తిప్పుతున్నాడు. ఒక్క చుట్టుకు ఒక్క కాగితం పడుతుంది. పడిన ప్రతి కాగితాన్నీ ఎత్తి, సిరా ఆరేదాకా నోటితో ఊది, పక్కన పెడుతున్నాడు. సన్నటి మనిషి. చిన్నప్పటి నుంచి మోసిన బరువులకు ఎడమ భుజం ఒక బెత్తెడు కిందికి జారింది. ఖాకీ చొక్కాకు నాలుగు గుండీలు ఒక రంగు, ఐదోది వేరే రంగు. కుడిచేతి బొటనవేలి గోరులో చేరిన నల్ల సిరా స్నానం చేసినా పోదు.

అది ఎనభై ఆరో సంవత్సరం, సీతాఫలాలు పండే కాలం. జగిత్యాలకు పది మైళ్ల దూరంలో ఉన్న ఊరు. అడవిలోని అన్నల కోసం తిరిగే పోలీసు జీపు చప్పుడు వినిపిస్తే పొలంలో నిలబడి ఉన్నవాళ్లు కూర్చునే రోజులు. పోశం ఆ ఊరి హైస్కూలులో అటెండరు.

ఆ కాగితాలు శారద మేడంవి. ఆమె ఆ ఏడే కొత్తగా వచ్చింది. పది చదివే పిల్లల్లో ఎవరికి ఏ పని మీద మనసుందో తెలుసుకుని, బడి దాటినాక ఏ దారిన పోవాలో చెప్పాలని ఆమె ఆశ. ఇంగ్లిషులో ఉన్న ముప్పై ప్రశ్నలను తెలుగు చేసి, స్టెన్సిల్ అనే మైనపు కాగితం మీద సూదిమొన కలంతో తానే గీకింది. ఒక్కో ప్రశ్నకు రెండు గడులు: ఇష్టం, ఇష్టం లేదు. చివరన ఒక ప్రశ్న, దాని కింద చుక్కల గీత.

హెడ్మాస్టరు జలపతి రావు పొద్దున్నే ఆ స్టెన్సిల్ చూసి నవ్వాడు.

"పన్నెండు కాపీలు చాలమ్మా, పై సదువులకు పొయ్యెటోళ్లు గంతమందే. మిగిలినోళ్లు ఏమైతరో మనకు ఎర్క లేదా? బీడీలు చుట్టెటోళ్లు, నాట్లేసెటోళ్లు. దానికి గూడ పరీక్షనా?"

ఆయన గదిలోకి పోగానే పోశం మెల్లగా అన్నాడు. "కాగితాల సంగతి నాకిడిసిపెట్టుండ్రి మేడం."

నిరుటి అర్ధ సంవత్సర పరీక్షల ప్రశ్నపత్రాలు అల్మారా అడుగున కట్టలుగా మిగిలి ఉన్నాయి. వాటి వెనకవైపు తెల్లగా ఉంది. నలభై రెండు మంది పిల్లలకు నలభై రెండు తీశాడు.

పోశాన్ని తొమ్మిదో ఏట ఊరి దొర పసులు కాయడానికి జీతం పెట్టారు. ఏం చేస్తావని ఎవరూ అడగలేదు. నాలుగో తరగతి పుస్తకం గడ్డివాములో దాచి, అందులోని అక్షరాలే మరిచిపోకుండా నెమరేశాడు. ఊళ్లోకి రైతుకూలీ సంఘం వచ్చిన ఏడు దొర బంగళా, ఆ గడి నుంచి బయటికి వచ్చి బడిలో అటెండరుగా చేరాడు. బయటికి వచ్చిన నాటి నుంచి 'దొర' అనే మాట అతని నోట రాలేదు. జలపతి రావు ఆ గడి దొరకు చిన్నాయన కొడుకు. ఆయన్ను పోశం 'సార్' అనే పిలుస్తాడు. పిలిచిన ప్రతిసారీ ఆయన కనుబొమ్మ కదులుతుంది. అది చూసి పోశం ఇంకోసారి పిలుస్తాడు.

రెండో గంటకు పిల్లలు రాయడం మొదలుపెట్టారు. పోశం తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎల్లేశం అనే పిల్లవాడు లేచాడు.

"మేడం, ఆఖరికి మా నాయిన చేసే పని రాయాల్నా?"

"కాదు. నీకిష్టమైన పని."

"నాదా?"

తరగతి అంతా నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగి పెన్సిళ్ల చప్పుడు మిగిలింది. చాలామంది ముందు నాయిన పనే రాశారు. తర్వాత తుడిపి ఇంకేదో రాశారు. పోశం బిడ్డ నీల మూడో వరుసలో నాలుక బయటపెట్టి రాస్తోంది. ఆ గంట తర్వాత ఊడిస్తే చీపురు కిందికి దుమ్ము కన్నా రబ్బరు పొట్టే ఎక్కువ వచ్చింది.

కాగితాలు సర్దుతూ పోశం కూడబలుక్కుని చదివాడు. ఏడో ప్రశ్న దగ్గర వేలు ఆగింది. 'అడవుల్లో, గుట్టల్లో తిరగడం మీకు ఇష్టమా?' పదకొండోది, 'పదిమందిని కూడగట్టి పని చేయించడం ఇష్టమా?' గుట్ట మీద సీతాఫలాలు కోసుకొచ్చే పిల్లలు. దాదాపు అందరూ ఇష్టం అనే గడిలోనే టిక్కు పెట్టారు. పైన పేరు, తండ్రి పేరు, ఊరు.

"మేడం, గీ ప్రశ్న ఎవలడగమన్నరు?"

"ఇంగ్లిషు దాంట్లో ఉంది. ఫారెస్టు ఉద్యోగాల కోసం."

"మన దిక్కు గీ మాట గిట్ల అడుగుతరా మేడం? పేర్లు గూడ రాయిస్తిమి. పోలీసోళ్ల చేతికి దొరికితె గిది పరీక్ష అంటరా?"

ఆమె ముఖం పాలిపోయింది. చించేద్దామని కట్ట అందుకోబోయింది. పోశం వెనక్కి తీసుకున్నాడు.

"చింపుడెందుకు? పిల్లలు నాయినల పని తుడిపి తమది రాసుకున్నరు. నేను దాస్త."

అదే స్టెన్సిల్ మీద మళ్లీ నలభై మూడు కాగితాలు తీశాడు. నలభై రెండు ఖాళీవి అల్మారాలో పెట్టి తాళం వేశాడు. పిల్లలు రాసిన కట్టను, స్టెన్సిల్‌ను, మిగిలిన ఒక్క ఖాళీ కాగితాన్ని చొక్కా కింద పెట్టుకుని మధ్యాహ్నం ఇంటికి పోయాడు.

అతని భార్య గంగవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఏందయ్యా, ఇయ్యాల గంట నువ్వే కొట్టి నువ్వే ఉరికచ్చినవ్?"

"గివి తునికాకు కట్టల కింద పెట్టు. ఇయ్యాల ఆకు నానెయ్యకు."

"నానెయ్యకుంటె రేపు వేటితోని చుట్టాలె, నీ మీసాలతోనా?"

"నీల రాసింది గూడ అండ్లనే ఉన్నది."

గంగవ్వ చాట దించి లేచింది. నీళ్ల గంగాళాన్ని దూరం జరిపి, కట్టను పొడి ఆకు అడుగున పెట్టి, పైన గోనె కప్పింది. పోశం గడపలో కూర్చుని ఆ మిగిలిన కాగితాన్ని మోకాలి మీద పరిచాడు. చెవి మీది పెన్సిల్ తీశాడు.

"పిల్లల పరీక్ష నీకెందుకు?"

"నలభై అయిదేండ్ల సంది నన్నెవ్వలడగలే. ఇయ్యాల నన్ను నేనే అడుక్కుంటున్న."

ముప్పై ప్రశ్నలకూ టిక్కులు పెట్టాడు. చివరి చుక్కల గీత దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత ఏదో రాసి, తనలో తానే నవ్వుకున్నాడు.

"ఏం రాసినవ్?"

"బడినుంచి అచ్చినంక చదివి ఇనిపిస్త. బీడీకి గంత సన్న దారం కడ్తవు, నాలుగక్షరాలు రావా నీకు? నేర్సుకుంటె నువ్వే చదువుకుందువు."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

బడిలో పిల్లలతో ఏవో ఫారాలు నింపిస్తున్నారన్న మాట చాయ్ హోటల్లో పుట్టి జీపు దాకా పోయింది. మూడు గంటలకు జీపు బడి ముందు ఆగింది, ఎస్సై దిగాడు. జలపతి రావు వేలు పోశం వైపు చూపించింది.

"కాగితాలన్నీ గాయన తాననే."

పోశం అల్మారా తెరిచి కట్ట తెచ్చి ఎస్సై ముందు పెట్టాడు. జేబులోది తీసి దాని మీద పెట్టాడు.

"నింపినయేవిరా?"

"నింపింది గదొక్కటే. నాది. పిల్లలకు ఇంకా ఇయ్యలే."

ఎస్సై తరగతిలోకి పోయి అడిగాడు. నలభై రెండు మంది పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మూడో వరుసలోంచి నీల లేచింది. "మాకియ్యలే సార్." ఆ వెనకే ఎల్లేశం. "మాకియ్యలే సార్." తర్వాత తరగతి అంతా లేచి నిలబడింది. శారద మేడం బల్లను పట్టుకుని నిలబడింది. ఆమె కూడా లేదన్నట్టే తల ఊపింది.

ఎస్సై వసారాలోకి వచ్చి పోశం కాగితం చదివాడు.

"అడవిల తిరుగుడు ఇష్టమా నీకు?"

"పసులు గాసినోన్ని సార్. అడవిల గాక అంగట్ల తిరుగుతనా?"

చెంప మీద దెబ్బ పడింది. పోశం తల పక్కకు తిరిగి మళ్లీ ఎదురుగా వచ్చింది.

"పదిమందిని కూడగట్టుడు గూడ ఇష్టమేనా?"

"రోజు కూడగడ్త సార్. గంట గొట్టి."

ఎవరో పిల్లవాడు కిసుక్కుమన్నాడు. ఎస్సై చివరి గీత చదివాడు. ఒక క్షణం పోశం ముఖంలోకి చూసి, కాగితాన్ని జలపతి రావుకు ఇచ్చాడు. ఆయన చదివి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. కాగితం తిరిగి ఎస్సై జేబులోకి పోయింది.

జీపు ఎక్కే ముందు పోశం గంట కొట్టే సుత్తిని కొక్కేనికి తగిలించాడు.

"మేడం, నాలుగింటికి లాంగ్ బెల్లు. మర్వకుండ్రి."

మూడో నాడు పోలీసు ఠాణా నుంచి కబురు వచ్చింది. గుండె ఆగిందన్నారు. వీపు చూసినవాళ్లు ఇంకేమీ అడగలేదు.

పదకొండో దినం దాటాక శారద మేడం ఆ ఇంటికి వచ్చి, బీడీల చాట పక్కన కూర్చుని, ఆకు కింది కట్ట తీసి ఒక్కొక్కటే చదివింది. తర్వాత ఒక్కొక్క పిల్లనూ పిల్లవాణ్నీ పిలిచి మాట్లాడింది. ఎల్లేశం ఇప్పుడు అడవి ఆఫీసులో పని చేస్తున్నాడు, గుట్టల్లో తిరిగినందుకే జీతం. నీల నర్సు అయింది. అందరికీ అనుకున్నది దొరకలేదు. కానీ నలభై రెండు మందిలో ఒక్కరి ఇంటికీ జీపు పోలేదు.

గంగవ్వ యాభై ఏళ్లు దాటాక పలక పట్టింది. అక్షరాలు కూడగానే జలపతి రావు దగ్గరికి పోయి, ఆ గీత మీద ఏం రాసి ఉందని అడిగింది. యాది లేదన్నాడు. "యాది లేనోనివి గా దినం గోడ దిక్కెందుకు తిరిగినవ్ సార్?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వచ్చేసింది.

ఆ స్టెన్సిల్ మాత్రం ఆమె దగ్గరే ఉంది. ముడతలు పడింది, ఒక మూల తునికాకు మరక ఉంది. వాకిట్లో ఎండకు పట్టుకుంటే గీకిన ప్రతి అక్షరం లోంచీ వెలుగు వస్తుంది. ముప్పై ప్రశ్నలూ చదవవచ్చు. అన్నిటికన్నా కింద, 'మీకు అన్నిటికంటే ఇష్టమైన పని ఏది?' అని ఉంటుంది. ఆ తర్వాత చుక్కల గీత, చుక్క చుక్కలో ఎండ.

గుమ్మడి గంగవ్వ, పోశం భార్య
వయసు డెబ్బై నాలుగు
ఇప్పుడు సిరిసిల్లలో, బిడ్డ నీల ఇంట్లో ఉంటున్నాను