పచ్చి ఇటుకల వారం

సోమవారం పొద్దున ఆకాశమంతా పింజ మబ్బులు. దువ్వెనకు చుట్టుకున్న తెల్ల వెంట్రుకల్లా అక్కడో పాయ, ఇక్కడో పాయ. ఇటుకల బట్టీలో తలెత్తి ఆకాశం చూడని మనిషి ఉండడు. చూసి చెప్పగలవాడు మాత్రం ఒక్కడే, అక్కడ ఇటుకలు చేసే ఆమెకు బావగారు, మొగుడి అన్న. అందరూ అతన్ని మబ్బులాయన అంటారు.

"బావగారూ, ఏమంటారు?" అని ఇటుకలు ఆరబెట్టే తన కళ్లంలోంచి ఆమె కేకేసింది.

"ఎండే కాస్తుందమ్మా. పరుచుకో."

పరుచుకుంది. నడుం పడిపోయి మొగుడు మంచం పట్టాడు. మట్టి తొక్కడం, అచ్చు వెయ్యడం, ఆరిన ఇటుకను పక్కకు తిప్పడం, అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. అన్నదమ్ముల కళ్లాలు పక్కపక్కనే. యజమాని ఈసారి తెగేసి చెప్పాడు. ఇకమీదట ఒక్క కళ్లమే ఉంచుతాడట. శనివారానికి ఎవరి ఇటుక ఆరి బట్టీకెక్కితే వాళ్లదే చోటు. రెండోవాళ్లు గుడిసె ఖాళీ చెయ్యాలి.

మంగళవారం మబ్బులు గొర్రెలమందలా వచ్చాయి.

"మా ఆయన వాటితోనే కాపురం చేస్తాడే. నాకేసి ఒక్కసారైనా అంతసేపు చూశాడా?" అని తోడికోడలు నవ్వింది. ఈమె కూడా నవ్వింది.

బుధవారం పలచటి పొర పట్టింది. సూర్యుడి చుట్టూ వరదగుడి కట్టింది. వానకు గుర్తది.

"గుడి కట్టింది బావగారూ! పట్టా కప్పెయ్యనా?"

"కప్పు. లోపల చెమర్చి ఒకదానికొకటి అతుక్కుంటాయి. శనివారం ముద్దలు మోసుకెళ్లు. గాలి అటు తోస్తోంది, అవతలెక్కడో కురుస్తుంది."

"మరి మీవి?"

"తెరిచేగా ఉన్నాయి. కళ్లు లేవూ?"

ఉన్నాయి. ఆమె అతని మాట కంటే అతని ఇటుకలనే నమ్మింది. మనిషి అబద్ధమాడొచ్చు గానీ సొంత ఇటుకను ఎవడు తడుపుకుంటాడు?

గురువారం సబ్బు నురగలా కుప్ప మబ్బులు లేచాయి. సాయంత్రానికి వాటంతటవే చెదిరిపోయాయి. మబ్బులాయన మాట నిలిచింది.

శుక్రవారం మళ్లీ అవే కుప్పలు. మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లి మొగుణ్ణి ఒత్తిగిలించి, అన్నం తినిపించింది.

"అన్నయ్య ఏమన్నాడు?"

"రాదన్నాడు."

"అయితే రాదు. ఇంకో ముద్ద పెట్టు."

బయటికొచ్చేసరికి కుప్ప నల్లబడి, నిలువునా పెరిగి, పైన కమ్మరి దాగలిలా చదునైంది. పరుగెత్తింది. పట్టా చేతిలోకి తీసుకుని పక్కకు చూసింది. బావగారి ముందు వరస తెరిచే ఉంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు నిలబడ్డాడు.

"నిన్న చూళ్లేదూ? ఉరుముతుంది, పోతుంది. ఉన్న ఎండ చేజార్చుకోకు."

ఆమె ఆగింది. ఆ ఆగిన కాసేపే చాలింది.

వాన రాళ్లు వేసినట్టు పడింది. పట్టా లాగితే గాలి ఎగరేసింది. దాని మీద బోర్లా పడుకుంది. మొదట ఇటుకల అంచులు పోయాయి. తర్వాత ఇటుకలే లేవు, బురద ఉంది. తలెత్తితే బావగారి వరస కూడా కరుగుతోంది.

"అయ్యో బావగారూ! మీవి కూడా!" అని ఆయన కోసం ఏడ్చింది.

ఆ వరస కూలింది. వెనక ఇటుక లేదు, బురదా లేదు. ఊడ్చినట్టున్న నేల. అవతల రేకుల కొట్టంలో కప్పుదాకా పేర్చిన ఇటుకలు పొడిగా ఉన్నాయి. గుమ్మంలో తోడికోడలు తల దించుకు కూర్చుంది.

"ఎప్పుడు మోశారు?"

"నువ్వు నీ మొగుడికి అన్నం పెట్టుకుంటుంటే," అన్నాడు బావగారు తీరుబడిగా. "నాకూ ఒక వరస పోయిందమ్మా. చోటు ఊరికే వచ్చిందనుకున్నావా?"

శనివారం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. అతని ఇటుకలు బట్టీకెక్కాయి. యజమాని అతని భుజం తట్టి వెళ్లిపోయాడు.

"తమ్ముణ్ణి రోడ్డున పడేస్తానా?" అన్నాడు బావగారు. "గుడిసెలోనే ఉండండి. మట్టి తొక్కే మనిషి కావాలి నాకు. మట్టి కూడా నాని సిద్ధంగా ఉంది, తవ్వే పని లేదు."

అది ఆమె ఇటుకల మట్టే. దిగింది. పూర్తిగా కరగని ముక్కలు అరికాళ్లకు గుచ్చుకున్నాయి. వాటినీ తొక్కింది.

ఇంటికొచ్చాక మొగుడు అడిగాడు. "అన్నయ్యవి కూడా పోయాయటగా?"

"ఒక వరస."

"చూశావా మరి! తనకు నష్టమొచ్చినా మనల్ని వదల్లేదు. దేవుడే ఆయన. రేపు కాస్త ముందే వెళ్లు, మాట రానివ్వకు."

నిజం చెబితే ఆ మనిషి లేవబోతాడు. లేవలేడు. లేచినా వెళ్లి పోట్లాడితే పోయేది తలమీది ఈ కప్పే.

"సరే," అంది.

ఆదివారం పొరమబ్బు నేలకు ఆనినంత కిందకు దిగింది. సన్నటి తుంపర. మట్టి తొక్కడానికి తుంపర అడ్డం కాదు.