ఎడంగా కూర్చోవాలి

సెలవులొచ్చాయంటే ఒఫీలియాకి నోటికి పని ఉండేది కాదు.

ఆమె ఎడారి ఊరైన టూసాన్‌లో స్కూలు బస్సు నడిపేది. బడి ఉన్నన్నాళ్ళూ వీపు వెనక బస్సునిండా పిల్లల గోల. “తల లోపలికి పెట్టు, కూర్చో, ఆ పిల్ల జడ వదులు” అని అరిచి అరిచి శుక్రవారానికి గొంతు బొంగురుపోయేది. మే నెలాఖరున బస్సు షెడ్డులో పెట్టి తాళాలు అప్పగించి వచ్చాక ఇక అరవడానికి ఎవరున్నారు? మొగుడు ఏనాడో విడిపోయి ఫీనిక్స్‌లో ఇంకో కాపురం పెట్టుకున్నాడు. పిల్లలు కలగలేదు. కొన్ని రోజులు పొద్దు వాలాక గుర్తొచ్చేది, పొద్దుట్నించీ తను కూరగాయల కొట్లో అమ్మాయితో ‘సంచీ వద్దులే’ అన్న మాట తప్ప ఇంకో మాట అననేలేదని.

అందుకే కొండలెక్కేది. ఇంట్లో మాట్లాడకపోతే అదోలా ఉంటుంది గానీ, కొండమీద మాట్లాడకపోవడం మామూలే కదా.

ఇదివరకు స్నేహితురాలు మాడీ తోడుండేది. ఇద్దరూ ఊరికి దక్షిణాన ఉన్న శాంటా రీటా కొండల్లో తిరగని దారి లేదు. కిందటేడు మాడీ “ఈ ఎండలు నా వల్ల కాదే తల్లీ” అని ఆరెగన్ సముద్రతీరానికి ఇల్లు మార్చేసింది. ఇప్పుడు ఆదివారాలు ఫోన్ చేస్తుంది.

“ఏమే, ఇంకా బతికే ఉన్నావా? మొన్న కోళ్ళు చచ్చిపోయేంత ఎండట కదా అక్కడ?”

“నీకెందుకు మా ఎండ సంగతి. స్వెట్టర్ తొడుక్కుని కూర్చున్నావుగా.”

“ఒక్కదానివే కొండల్లోకి పోకే. కాలు జారి పడితే గద్దలకి తప్ప ఎవరికీ తెలీదు.”

“గద్దలకైనా తెలుస్తుందిలే” అంది ఒఫీలియా. నవ్వులాటకే అంది గానీ, ఫోన్ పెట్టేశాక ఆ మాట చాలాసేపు ఇంట్లోనే తిరిగింది.

జూన్ చివర్లో వచ్చే సాన్ హువాన్ పండగ వెళ్ళి పదిహేను రోజులై ఉంటుంది. అంటే వానలు దిగిన కాలం. ఆ కాలంలో కొండ ఎక్కేవాళ్ళు చీకటితోనే బయల్దేరి మధ్యాహ్నానికి ముందే దిగిపోవాలి. పొద్దున్నే అద్దంలా ఉన్న ఆకాశంలో ఎండ ముదిరేసరికి దూదిపింజంత మబ్బు పుడుతుంది. అది చూస్తుండగానే కోటంత అవుతుంది. అవాళ ఒఫీలియా ఆ లెక్క ప్రకారమే నడిచింది. సర్కారు తుమ్మల మధ్యనుంచి, ఎండిన వాగు దాటి, కిత్తనార పొదలూ జూనిపర్ చెట్లూ దాటి కనుమ దగ్గరికి చేరింది. రాయి మీద కూర్చుని ఒక టోర్టియా రొట్టె తిని, శిఖరం వెనక పింజ కనపడగానే సంచీ బుజాన వేసుకుంది.

అప్పుడొచ్చాడు ఆయన, కిందనుంచి ఆయాసపడుతూ. అరవై దాటిన మనిషి. ఊళ్ళో తిరిగే బూట్లు, చేతిలో అల్యూమినియం కర్ర, నెత్తిన టోపీ కూడా లేదు. బట్టతల ఎండకి ఎర్రగా కమిలిపోయింది.

“పైకేనా?” అంది ఒఫీలియా.

“పైకే. శిఖరం చూడకుండా దిగితే ఎక్కినట్టా?”

“ఆ మబ్బు చూశారా?”

“చూశాను. నెల్లాళ్ళుగా దాని కోసమే ఎదురుచూస్తున్నా. మాది మిన్నెసోటా అమ్మా. మబ్బుల్లోనే పుట్టి పెరిగాం.”

“మీ మబ్బులు వేరు, ఇవి వేరు. పైన చెట్టూ లేదు, చేమా లేదు. వెళ్ళి నిలబడ్డారంటే అక్కడ అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది మీ బట్టతలే.”

ఆయన తల తడుముకుని నవ్వాడు. “దీని గురించి ఇంత బెంగపడిన వాళ్ళని ఇదే చూడ్డం. మీరు టీచరా?”

“బస్సు డ్రైవర్ని.”

“అదీ సంగతి. ఎక్కండి, దిగండి అని చెప్పడం బాగా అలవాటన్న మాట.”

ఒఫీలియాకి ఒళ్ళు మండింది. అయినా ఆయన సీసా సగానికి పైగా ఖాళీ అయిందని చూసి తన నీళ్ళు అందులో ఒంపింది. ఆయన ఆమె పేరడిగి, తన పేరు థర్మన్ అని చెప్పి, దణ్ణం పెట్టినట్టు కర్ర పైకెత్తి, పైకి వెళ్ళిపోయాడు.

చెప్పాల్సింది చెప్పాను, నాకేం పని అనుకుంటూ ఆమె దిగసాగింది. రెండు మలుపులు తిరిగిందో లేదో, కొండ వెనకాల ఎవరో ఖాళీ పీపా దొర్లించినట్టు ఉరిమింది. ఆగింది. గాలి లేదు. పిట్టలు లేవు. మబ్బు శిఖరాన్ని మింగేసి కనుమ వైపు దిగుతోంది. చెప్పిన మాట విననివాడు బస్సులోనూ ఉంటాడు. వాణ్ణి నడిరోడ్డు మీద దింపేసి పోతామా? “మొండి ముసలాడు” అని పైకే తిట్టుకుని వెనక్కి తిరిగింది.

పరుగూ నడకా కాని నడకతో కనుమ దాటి గట్టెక్కేసరికి, థర్మన్ బోడి రాళ్ళ మధ్య కర్ర చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“వచ్చారా? ఇటు రండి, ఇది వినండి” అన్నాడు సంబరంగా. “కర్ర పాడుతోంది.”

తేనెటీగల తుట్టెలా జుమ్మంటోంది కర్ర. ఒఫీలియా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

“పారెయ్యండి దాన్ని. పిడుగు పడబోతోంది. పారేసి పరిగెత్తండి.”

ఆమె మొహం చూశాక ఆయన ఇంకేం అడగలేదు. కర్ర అక్కడే పడేశాడు. ఇద్దరూ గట్టు దిగి, పొట్టి చెట్లున్న వాలులోకి జారుతూ దొర్లుతూ వచ్చారు. మొదటి చినుకులు గోలీకాయల్లా పడుతున్నాయి. ఒఫీలియా ఆయన సంచీని రాళ్ళ మధ్య పల్లంలో పడేసింది.

“దీని మీద గొంతుక్కూర్చోండి. కాళ్ళు రెండూ దగ్గరికి పెట్టుకోండి. చేతులు నేలకి ఆనించకండి. నేను అటు వెళ్ళి కూర్చుంటా.”

“అటెందుకు? ఇక్కడ చోటుందిగా.”

“ఒకచోట కూర్చుంటే ఒక్క పిడుగుకి ఇద్దరం పోతాం. ఎడంగా కూర్చోవాలి. అప్పుడు ఒకరైనా మిగులుతారు.”

“మిగిలినవాళ్ళేం చెయ్యాలి?”

“రెండోవాళ్ళ దగ్గరికి పరిగెత్తి గుండె మీద గట్టిగా నొక్కాలి, మళ్ళీ కొట్టుకునేదాకా.”

“బాగానే ఉంది ఏర్పాటు” అన్నాడు థర్మన్. ఈసారి నవ్వలేదు.

ఆమె అవతల పొద దగ్గర తన సంచీ మీద ముడుచుకుని కూర్చుంది. అంతలోకే వడగళ్ళు మొదలయ్యాయి. చెవుల మీద, మెడ మీద, వేళ్ళ కణుపుల మీద రాళ్ళతో కొట్టినట్టు కొట్టాయి. ఎండాకాలం కొండ కాస్తా చూస్తుండగానే తెల్లబడింది. పళ్ళు టకటకలాడాయి. ఇద్దరి మధ్యా తెల్లటి తెర దిగి ఆయన కనపడకుండా పోయాడు.

“ఒఫీలియా గారూ” అని పిలుపు వినిపించింది. “ఉన్నారా?”

“ఉన్నా.”

మెరుపు, వెంటనే ఉరుము. అది సద్దుమణిగాక మళ్ళీ. “ఉన్నారా?”

“ఉన్నానండీ. మీరు?”

“ఉన్నా. కాళ్ళు తిమ్మిరెక్కాయి.”

“తిమ్మిరెక్కనివ్వండి. కదలకండి.”

ప్రతి ఉరుముకీ అలా ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు. ఒకసారి ఆయన ముందు, ఒకసారి ఆమె ముందు. ఒఫీలియాకి చావుభయం ఒకపక్క ఉంది. ఇంకోపక్క, ఇంత భయంలో ఏమిటిది అని తనకే వింతగా, లోపలెక్కడో వెచ్చగా ఉంది. నువ్వు ఉన్నావా అని ఎవరైనా ఆమెని అలా అడిగి ఎన్నేళ్ళయిందో.

ఆ తర్వాతది ఉరుములా వినపడలేదు. లోకమంతా ఒక్కసారి తెల్లగా పగిలింది. నేల అడుగునుంచి ఎవరో తన్నినట్టయి ఆమె పక్కకి ఒరిగింది. కళ్ళు విప్పేసరికి కింద వాలులో పైన్ చెట్టొకటి నిలువునా చీలి పొగలు కక్కుతోంది. నోట్లో ఇనుము నాకినట్టు రుచి.

“థర్మన్ గారూ.”

మోచేతి మీద లేచి మళ్ళీ పిలిచింది.

“థర్మన్ గారూ, ఉన్నారా?”

ఆమె వడగళ్ళ మీద పాకుతూ వెళ్ళింది. ఆయన కూర్చున్నచోటే వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, పెదవులు కదులుతున్నాయి. ఆమె ఆయన చొక్కా లాగి గుండె మీద చెయ్యి పెట్టింది. గబగబా కొట్టుకుంటోంది. ఆయన చెవులు చూపించి తల అడ్డంగా ఊపాడు. వినపడట్లేదని. తర్వాత ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నీళ్ళలో మునిగేవాడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

వాన ఇంకా వెలవలేదు. పక్కనే ఉండకూడదని ఆమెకి తెలుసు. కాసేపు అలాగే ఉంది. మనిషి చెయ్యి అంత వేడిగా ఉంటుందని మర్చిపోయింది. మళ్ళీ మెరిసింది. ఒక్కొక్క వేలే విడిపించుకుని, ఆయన్ని లేపి కూర్చోబెట్టి, ‘అటు, అటు’ అని చేత్తో చూపిస్తూ తన పొద దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన తనవైపే చూస్తున్నాడని తెలిసినా వెనక్కి తిరగలేదు. ఆ తర్వాత ఇక ఎవరూ ఎవర్నీ పిలవలేదు. పిలిచినా ఆయనకి వినపడదు.

మబ్బు ఎలా వచ్చిందో అలాగే పోయింది. దిగేటప్పుడు ఎండ మళ్ళీ కాసింది, వడగళ్ళు కరిగి దారంతా కాలవైంది. పొద్దున పొడిగా దాటొచ్చిన వాగు ఇప్పుడు ఎర్రటి బురదతో, మొద్దులతో, నురగతో ఒడ్డులు కొరుక్కుంటూ పోతోంది. అది తగ్గేదాకా దాటే ప్రశ్నే లేదు. ఒడ్డున బండమీద కూర్చున్నారు. ఒఫీలియా మిగిలిన టోర్టియాల్లో ఉడికించిన చిక్కుడు గింజలూ ఎండు మాంసమూ పెట్టి చుట్టి ఇచ్చింది. ఆయనకి ఒక చెవి కొంచెం తెరుచుకుంది. ఆ చెవి వైపు జరిగి కూర్చుని గట్టిగా మాట్లాడాల్సొచ్చింది.

“అసలు ఈ ఎండాకాలంలో ఇక్కడేం చేస్తున్నారండీ? చలికాలం గడపడానికి చల్లటి ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళంతా ఏప్రిల్లోనే వెళ్ళిపోతారుగా.”

“వెళ్ళిపోయారు. మా ట్రైలర్ ఇళ్ళ కాలనీలో ఇప్పుడు నేనూ, ఈతకొలనూ మిగిలాం. కొలనులో కూడా నీళ్ళు తీసేశారు.”

“మీరెందుకు వెళ్ళలేదు?”

ఆయన రొట్టె చుట్ట అటూ ఇటూ తిప్పి చూశాడు. “మా ఆవిడ ఆర్డిస్ వెళ్తూ, ఈసారి నువ్వు రావద్దులే అంది. తగవు కూడా ఏం లేదు. సామాను సర్దుతూ, కిటికీ మూసెయ్ అన్నట్టు అంది. నేను సరే అన్నాను.”

“సరే అన్నారా?”

“ఏమనాలో తెలీక.”

ఒఫీలియా వాగు వైపు చూసింది. “మా ఆయన వెళ్తానన్నప్పుడు నేను కారులో పెట్రోలుందా అని అడిగా” అంది. ఈ మాట ఆమె మాడీతో కూడా అనలేదు.

ఆయన కళ్ళు చిట్లించాడు. “ఏంటి?”

“ఏం లేదు. తినండి.”

నీళ్ళు మోకాళ్ళకి దిగేసరికి పొద్దు వాలింది. ఒకరి సంచీ ఒకరు పట్టుకుని దాటారు. కార్ల దగ్గర ఆయన ఆమె నంబరు అడిగి తీసుకున్నాడు.

“గురువారం మళ్ళీ వస్తారా? మీరు దిగమన్నప్పుడు దిగుతాను.”

“చీకటితో రావాలి. నేను ఎవరికోసం ఆగను” అంది ఒఫీలియా.

కానీ ఆగింది. గురువారం చీకట్లోనే వచ్చి, రెండోవాళ్ళకి సరిపడా టోర్టియాలు కట్టుకుని, బండి దిగకుండా కూర్చుంది. తూరుపు తెల్లబడింది, ఎర్రబడింది, ఎండెక్కింది. ఒక కుర్ర జంట వచ్చి కొండెక్కి వెళ్ళారు. ఇక ఎక్కినా లాభం లేని వేళయ్యాక తాళం తిప్పింది. పిడుగు దెబ్బ తర్వాత ఆ మనిషికేమైనా అయిందేమోనని భయపడింది. అది కాకపోతే, ఆయన రావద్దనుకునే రాలేదనుకోవాలి. అదీ తెలుసు.

శనివారం ఫోన్ మోగింది.

“ఒఫీలియా గారూ, థర్మన్ని. కోపమొచ్చిందా?”

“కోపమెందుకు. బాగున్నారా?”

“ఎడమ చెవి పోయినట్టే అంటున్నారు డాక్టర్లు. నేను మిన్నెసోటాలో ఉన్నా.” ఆయన గొంతు తగ్గించాడు. “ఆ రాత్రి ఆర్డిస్‌కి ఫోన్ చేశా. పిడుగు పడిందన్నా. నమ్మలేదు. ఎన్నిసార్లు అరిచినా నాకు సరిగ్గా వినపడట్లేదని తెలిశాక ఏడ్చింది. వచ్చెయ్ అంది. తెల్లారి విమానం ఎక్కేశా. మీకు చెప్పే వీల్లేకపోయింది.”

వెనకనుంచి ఆడగొంతు, “ఎవరు? ఆవిడేనా? నా తరఫున కూడా చెప్పు” అంటోంది.

“ఆర్డిస్ మీకు కృతజ్ఞతలు చెప్పమంటోంది. చలికాలం ఇద్దరం వస్తాం. ముగ్గురం కలిసి కొండెక్కుదాం.”

“చలికాలం నాకు బడి ఉంటుందండీ.”

“శనాదివారాలుంటాయిగా.”

“చూద్దాం” అంది ఒఫీలియా. “జాగ్రత్తగా ఉండండి. మంచిపని చేశారు, వెళ్ళి.”

అది మనస్ఫూర్తిగానే అంది. ఫోన్ పెట్టేశాక వంటింట్లో చాలాసేపు నిలబడింది. కూలర్ చప్పుడు తప్ప ఏం లేదు. మర్నాడు మాడీతో మాట్లాడినప్పుడు గాలివాన సంగతి చెప్పింది. మాడీ “చెప్పానా నీకు” అని తిట్టింది. ఆ మనిషి సంగతి మాత్రం ఒఫీలియా చెప్పలేదు. చెప్తే అది ఒక కబురైపోతుంది.

ఆ వారం ఆమె ఇంకో దారి పట్టింది, కొండలకి తూర్పువైపు ఉన్నది. అటు ఎక్కడం కష్టం, మనుషులు తక్కువ. మబ్బు పుట్టకముందే రాళ్ళగుట్ట మీదికి చేరింది. ఎదురుగా మైళ్ళ కొద్దీ బయలు, దాని చివర మెక్సికో వైపు కొండలు నీలంగా ఉన్నాయి. అక్కడెక్కడో వాన స్తంభంలా దిగుతోంది. శబ్దం ఇక్కడిదాకా రావట్లేదు.

ఆమె నీళ్ళు తాగి, టోపీ సర్దుకుని, కాసేపు ఆ వానని చూసింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది.