జాకీ జారిందట!

నేను ఒక జాకీని. గుర్రమెక్కే జాకీని కాను, రేడియోలో వాగే జాకీని అసలే కాను. మొదటాయన గుర్రం మీద కూర్చుంటాడు. నా మీదైతే కారే వచ్చి కూర్చుంటుంది. వాళ్లకి చప్పట్లు, నాకు చెప్పుదెబ్బలు. దెబ్బలంటే మరీ దెబ్బలు కావు లెండి, నన్ను ఇరుసు కిందకి జరపడానికి మా యజమాని వంగడానికి బద్ధకించి చెప్పుకాలితో తంతుంటాడు.

బెజవాడలో బోర్డయినా లేని ఒక పోత కార్ఖానాలో పుట్టాను. విరిగిన రైలుపట్టా ముక్క, ఊడిపోయిన రోకలి పొన్ను, ఎవరింటిదో గుమ్మం గొళ్లెం, అన్నీ కలిపి కరిగించి నన్ను పోశారు. అందుకే నాకు కులం లేదు, బలం ఉంది. నడుమ నిలువునా ఒక లావుపాటి మర. కడ్డీ దూర్చి తిప్పితే నా తల పైకి లేస్తుంది. పొగరుతో కాక మరతో తల లేచే జాతి మాది.

రాజమండ్రి టాక్సీ స్టాండులో సత్తిరాజు అనే డ్రైవరు దగ్గర ఇరవై ఏళ్లు పనిచేశాను. ఆయన కారుకి డీజిలు పోయించడం మరిచిపోయేవాడేమోగానీ నా మరకి గ్రీజు పూయడం మరిచిపోలేదు. కళ్లకి శుక్లాలొచ్చి స్టీరింగు వదిలేసినప్పుడు ఆ అంబాసిడర్ని, డిక్కీలో నన్ను, కలిపే పెద్దాపురం భీమశంకరానికి అమ్మేశాడు. "జాకీ జాగ్రత్తండి. కారు మిమ్మల్ని వదిలేసినా ఇది వదలదు" అని చెప్పి మరీ పంపాడు. వదలనిది నేనే. వదిలేసింది ఎవరో చెప్పడానికే ఈ గోలంతా.

భీమశంకరం కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. ఒకసారి మెకానిక్కు కారు కింద దూరి లేచి, "సస్పెన్షన్ పోయిందండి" అన్నాడు.

"సస్పెన్షన్ పోతే మంచిదే కదయ్యా! నాది పోగొట్టుకోడానికి పదకొండు నెలలు తిరిగాను" అన్నాడు భీమశంకరం. ఉద్యోగంలో రెండుసార్లు సస్పెండైన అనుభవంతో కారు సస్పెన్షన్ తనకో లెక్క కాదని తేల్చుకుని, ఆ రోజు నుంచి మరమ్మతులన్నీ ఇంట్లోనే మొదలెట్టాడు.

ఒంటరిగా కాదు. తోడు గంగాచలం ఉన్నాడు. మూడో తరగతి నుంచి స్నేహం. గంగాచలం బోర్డులు రాసే ఆర్టిస్టు. ఊళ్లో కల్లు దుకాణం నుంచి కళ్లజోళ్ల దుకాణం దాకా తలమీద మోసేది ఆయన అక్షరాలనే. గీత గీస్తే దారం పట్టి గీసినట్టుండేది. ఆయనకి కార్ల సంగతి ఏమీ తెలియదు. అయినా ప్రతి ఆదివారం కారు కిందకి దూరేది ఆయనే.

"నా పొట్ట దూరదురా. పైగా నీ చెయ్యి వణకదు" అనేవాడు భీమశంకరం.

"నువ్వు తిన్న ఇడ్లీలకి నేను దూరాలి. ఇదేం న్యాయంరా?" అంటూనే గంగాచలం పాత గోనెపట్టా పరుచుకుని దూరేవాడు. నేను పైకెత్తేవాణ్ని, ఆయన కింద బిగించేవాడు, భీమశంకరం పక్కన పీట వేసుకుని సలహాలిచ్చేవాడు. ఎత్తడం నా పని, ఎత్తిపొడవడం ఆయన పని. అయినా మేం ముగ్గురం ఒక జట్టేననుకున్నాను. ఇనుముకి తుప్పు పడుతుందని తెలుసుగానీ, జట్టుకి పడుతుందని నాకు తెలియదు.

ఆ ఆదివారం రెండు పనులు పెట్టుకున్నారు. ఎడమపక్క వెనక చక్రం మీద బరువు మోసే కమాన్ పట్టీల్లో ఒకటి విరిగింది. కారు పక్షవాతం వచ్చినట్టు ఒరిగి నడుస్తోంది. రెండోది క్రాసు. ఇంజను తిప్పుడుని వెనక చక్రాలకి అందించే పొడుగాటి గొట్టం కారు పొట్ట కింద ఉంటుంది. దాని కీలులో ఉండే ముక్క ఇది. అరిగిపోయి, కదిలినప్పుడల్లా టక్కుమంటోంది.

పొద్దున్నే చక్రం విప్పారు. నన్ను చెక్కముక్క మీద నిలబెట్టి కారునెత్తారు. ఆ పెరడు వీధివైపు వాలుగా ఉంటుంది. చేతి బ్రేకు తీగ తెగి నాలుగేళ్లయింది. వెనక ఒక చక్రం నేల మీద లేకపోతే గేరు కూడా కారుని పట్టుకోదు. అందుకని ముందు చక్రానికి అడ్డంగా ఒక నల్లరాయి పెట్టడం అలవాటు. కారంతా నా మీద, నేను ఆ రాయి మీద ఆధారపడి ఉన్నామన్నమాట. విప్పిన చక్రాన్ని గంగాచలం తనే పొర్లించుకొచ్చి కారు కింద తోశాడు.

"జాకీ మీద నమ్మకం లేదేట్రా?" అన్నాడు భీమశంకరం.

"జాకీ మీద నమ్మకమే. మా ఆవిడంటేనే భయం. నాకేమన్నా అయితే నన్ను చంపేస్తది."

విప్పిన నట్లన్నీ భీమశంకరం భార్య అనసూయమ్మ ఇడ్లీరేకు గుంటల్లో వరసగా పేర్చారు. "రేపు ఇడ్లీలో వాషరు తగిల్తే నన్ననకండి" అంది ఆవిడ. తుప్పుపట్టిన బోల్టుకి కిరసనాయిలు తాగించి, సుత్తితో బతిమాలి, మూడింటికి కొత్త పట్టీ ఎక్కించారు. నాలుగింటికి క్రాసు కూర్చుంది. ఇంక నాలుగు నట్లు బిగిస్తే అయిపోయినట్టే.

అప్పుడు అనసూయమ్మ కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. "నాలుగున్నరకి రాహుకాలం వచ్చేస్తోందండీ. ఈలోగా కాయ కొట్టెయ్యండి. లేదంటే ఆరుదాకా ఆగాలి."

"ఆగడమేంటి, అయిపోయిందిగా! ఒరేయ్ గంగాచలం, ఎన్ని నట్లున్నాయి?"

"ఒకటే. ఉండెహె, మూతి దొరకట్లేదు."

ఆవిడ హారతి కర్పూరం కోసం లోపలికెళ్లింది. భీమశంకరం కాయ పట్టుకుని కారు ముందుకొచ్చాడు. పెరడంతా మట్టినేల. మట్టి మీద కొడితే కాయ దిగబడుతుందేగానీ పగలదు. చుట్టూ చూశాడు. గడియారం చూసుకున్నాడు. వంగి, ముందు చక్రం కింద నల్లరాయిని రెండు చేతులా లాగి, దాని మీద కాయ కొట్టాడు.

కాయ బ్రహ్మాండంగా పగిలింది. శుభం.

కారు జానెడు కదిలింది. నాకు జానెడు చాలదా? చెక్క మీద నుంచి నా పాదం తప్పింది. నేను పక్కకి ఒరిగాను. కారు వచ్చి ఆ చక్రం మీద ఆగింది కాబట్టి గంగాచలం ప్రాణం నిలిచింది. కానీ నట్టు మీదున్న ఆయన కుడిచెయ్యి నిలవలేదు. నా తలే వెళ్లి ఆ మణికట్టు మీద పడింది. తల నాదే, ఒప్పుకుంటాను. తప్పు మాత్రం నాది కాదు.

ఆ కేకకి వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. వాళ్లు గేటు దగ్గరికి వచ్చేలోపు భీమశంకరం ఒక పని చేశాడు. కొబ్బరినీళ్లు కారుతున్న రాయిని మళ్లీ చక్రం కింద పెట్టేశాడు. తర్వాతే, "జాకీ జారిందండీ! పాడు జాకీ జారిపోయింది!" అని గుండెలు బాదుకున్నాడు.

జారింది నేను కాదు, ఆయన నాలుక. నట్టు బిగించడానికి పిలిచినవాణ్ని నట్టేట ముంచి, ఆ ఏటిని నా మీద పోశాడు.

అబద్ధానికి గ్రీజు అక్కర్లేదు, దానంతటదే తిరుగుతుంది. మొదటివారం నేను జారాను. రెండోవారానికి నా మర అరిగిపోయి ఉంది. మూడోవారం పాలవాడితో, "నేను అప్పటికీ వద్దంటూనే ఉన్నా, గంగాచలమే వినలేదు" అంటున్నాడు. నా మర నిక్షేపంగా ఉంది. మరపు వచ్చింది ఆయనకి.

నెలకి గంగాచలం వచ్చాడు. మోచేతిదాకా సిమెంటు కట్టు. బయటికి కనిపించే నాలుగు వేళ్లూ ఉబ్బి, ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి. అరుగు మీద కూర్చున్నాడు. అనసూయమ్మ, "వేళ్లు కదులుతున్నాయా అన్నయ్యగారూ?" అని అడిగి కళ్లు తుడుచుకుంటూ కాఫీ తేవడానికి వెళ్లింది. నేను గోడవారగా పడి ఉన్నాను.

"ఆ రోజు అసలేం జరిగిందిరా?" అన్నాడు గంగాచలం. నెమ్మదిగానే.

"ఏముంది, జాకీ జారింది."

"రాయుందిగా?"

"రాయి ఎక్కడిదక్కడే ఉందిరా. జనమంతా చూశారుగా."

గంగాచలం ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. అప్పు ఇచ్చినవాడి చూపు కాదది. పరీక్షలో పక్కవాడికి కాగితం తిప్పి చూపిస్తూ, ఇంకా రాయడేమిట్రా అని కంగారుపడే పిల్లవాడి చూపు. "జాకీయే అంటావు" అన్నాడు మళ్లీ.

"మరేంటి? ఆ దరిద్రాన్ని ఇవాళే వదిలించుకుంటాను" అని భీమశంకరం లేచి, ఇన్నేళ్లలో లేనంత గట్టిగా నన్ను ఒక్క తన్ను తన్నాడు. కాఫీ వచ్చేసరికి గంగాచలం గేటు దాటేశాడు.

అలా నేను నూకరాజు పాత ఇనుప సామాన్ల కొట్టుకొచ్చాను. నూకరాజు నా మర తిప్పి చూసి, "ఇంత బాగా తిరుగుతుంటే అమ్మేత్తన్నారేటండీ?" అన్నాడు.

"జారుతుంది. ఎవరు కొన్నా ఆ మాట చెప్పే అమ్ము" అన్నాడు భీమశంకరం, పరోపకారి మొహం పెట్టుకుని. నూకరాజు నిజాయితీపరుడు, అదే నా కర్మ. కొనడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. వచ్చిన ప్రతివాడూ నన్ను తిరిగి కింద పెట్టాడు.

కట్టు విప్పాక ఒకరోజు గంగాచలం ఆ కొట్టు ముందు ఆగాడు. లోపలికొచ్చి ఎడంచేత్తో నన్ను నిలబెట్టాడు. కుడిచెయ్యి లుంగీ మడతలో ఉంది.

"ఇది భీమశంకరం గారి జాకీయే కదూ. ఏమని చెప్పి ఇచ్చేరు?"

"జారుద్దని చెప్పేరండి. ఎవుడి చెయ్యో పోద్ది, చెప్పే అమ్మమన్నారు."

"నీక్కూడా అదే చెప్పేడా?"

నూకరాజుకి అర్థం కాలేదు. గంగాచలం బోర్లించిన డ్రమ్ము మీద కూర్చున్నాడు.

"కింద పడుకున్నోణ్ని కదా నూకరాజూ, నాకు అన్నీ కనపడతాయి. రాయి తీసిన చెయ్యి చూశాను. దాని బదులు ఇటిక పెడతాడులే అనుకున్నాను. నోరు తెరిచేలోపే అయిపోయింది." ఎడంచేత్తో లుంగీ మడత సర్దుకున్నాడు. "నాతో చెప్పలేడు, మొహం చెల్లదు. పోనీ, నీకైనా నిజం చెప్పుకుని ఉంటాడని వచ్చాను."

"టీ తెప్పించనాండి?"

"వద్దు."

"పోనీ దీన్ని అట్టుకెళ్తారేటండీ?"

గంగాచలం నా వైపు చూశాడు. ఆ రోజు వీధంతా నన్ను చూసిన చూపు మాత్రం కాదది. "నేనేం చేసుకుంటాను" అని, చెక్కముక్క ఏరి నా పాదం కింద పెట్టి, కదలకుండా సర్ది, లేచాడు.

కొట్టు బయట వీధి రెండుగా చీలుతుంది. ఎడమకి తిరిగితే భీమశంకరం ఇల్లు, రెండు నిమిషాల నడక. గంగాచలం అక్కడ కాసేపు నిలబడ్డాడు.

కుడికి తిరిగాడు.