ఇల్లుబండి ముందద్దం

పొద్దున ఎనిమిదింటికి సుధామణి షట్టరెత్తి, గోడకానించిన అద్దాల మీద దుమ్ము తుడిచి, వాకిట్లోకి కుర్చీ లాక్కుని టీ తాగుతుంది. సరిహద్దు ఊరు కోంటాలో అద్దాలు కోసే కొట్టు వాళ్ళదే. తాత భద్రాచలం నుంచి వచ్చి పెట్టిన కొట్టు, తండ్రి తర్వాత ఆమె చేతికొచ్చింది. యాభై రెండేళ్ళ మనిషి. కట్టరు పట్టిందంటే గీత వంకర పోదు.

ఆమెకు ఇంకో పని కూడా వచ్చు. ఎక్కడైనా నీళ్ళు కారుతుంటే, కారిన బొట్టును వేలితో తాకి, "వచ్చిన దారినే పో" అంటుంది. బొట్టు కదిలి వెనక్కి నడుస్తుంది. గోడెక్కి, దూలం మీదుగా పోయి, పగిలిన పెంకు దగ్గర ఆగుతుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెడుతుంది. తొలివాన పడగానే తహసీలు ఆఫీసు వాళ్ళూ, బడి మాస్టర్లూ ఆమె కోసం వస్తారు. సుధామణికి ఇవాళ తీరికుందా లేదా అన్నదే వాళ్ళకు ముఖ్యం. బొట్టు నడవడం గురించి ఎవరూ ఏమీ అనుకోరు.

జూన్ ఆఖర్లో ఒక మధ్యాహ్నం భేజ్జి ఊరి సోమారు ఇల్లుబండి కొట్టు ముందు ఆగింది. పాతికేళ్ళ నాటి వ్యాను. తొమ్మిదేళ్ళ కిందట వేలంలో కొన్నాడు. లోపల మంచం, పొయ్యి, అతని పెళ్ళాం లక్మే కుట్టుమిషన్లు రెండు. రోజుకొక సంత. కిష్టారం, భేజ్జి, రోడ్డు పడ్డాక ఇప్పుడు జగర్గుండా కూడా. పొద్దున గుడ్డ ఇస్తే సంత విడిచే లోపల లక్మే జాకెట్టు కుట్టి చేతిలో పెడుతుంది. బండి అతనిది, సూది ఆమెది. వాళ్ళకు వేరే ఇల్లు లేదు.

"సేఠానీ, ముందద్దం కారుతుంది. రబ్బరు రెండుసార్లు మార్పిచ్చిన, అయినా కారుడే" అన్నాడు సోమారు కిందికి దిగకుండానే.

"మార్చినోళ్ళు ఏమన్నరు?"

"అద్దమే మార్చమన్నరు. ఇంత పాతబండికి అద్దం యాడ దొరుకుతది?"

లక్మే తడిసిన నీలంగుడ్డ చేతుల మీద వేసుకుని దిగింది. "చూడక్కా. జగర్గుండా బడి పిల్లల యూనిఫారాలు. ఇరవై జతలకు మరకలు పడ్డయ్. ఇంకొక్కసారి ఇట్లయితే ఆర్డరు ఇంకొకరికి పోతది."

సుధామణి బండెక్కింది. అద్దం పైమూలలో పొద్దుటి వాన బొట్టొకటి ఇంకా వేలాడుతోంది. దాన్ని తాకి చెప్పవలసిన మాట చెప్పింది. బొట్టు రబ్బరు వెనక్కి దూరి, అద్దం వైపు పోకుండా పైకి పాకింది. సుధామణి బయటికొచ్చి నిచ్చెన వేసుకుని ఎక్కేసరికి, అది బండి నెత్తి మీద చిన్నలైటు పక్కన కూర్చుని ఉంది.

"అద్దానికీ రబ్బరుకూ ఏం కాలే. ఈ లైటు స్క్రూ బెజ్జంలోంచి నీళ్ళు దిగుతున్నయి. రేకు లోపల్నుంచి పాకి అద్దం కాడ బయటపడుతున్నయి."

లైటు ఊడదీసి, తుప్పు గీకి, రంగు పూసి, ట్యూబు రబ్బరుతో కొత్త వాషరు కోసింది. చుట్టూ సిలికాన్ పట్టించి బిగించింది. అది ఆరాక పైపు పెట్టి అరగంట నీళ్ళు కొట్టింది. లోపల లక్మే అరచేతితో తడిమి చూసింది. పొడిగా ఉంది.

"ఇక కారదు. కారితే నన్నడుగు" అంది సుధామణి.

పదిరోజులకు బండి మళ్ళీ వచ్చింది.

"కారుతుంది సేఠానీ. స్టీరింగు మీద నీళ్ళు. అద్దమంతా మసక, రోడ్డే కానొస్తలేదు" అన్నాడు సోమారు.

సుధామణి ముఖం ఎర్రబడింది. ఆమె చేసిన పని ఇంతవరకూ వెనక్కి రాలేదు. నిచ్చెనెక్కి చూసింది. లైటు బిగువుగానే ఉంది, చుట్టూ ఒక్క తడి చుక్క లేదు. దిగి వచ్చేసరికి లక్మే తలుపు దగ్గర నిలబడి ఉంది.

"అక్కా, నాల్రోజులైంది వాన పడక" అంది మెల్లగా.

సుధామణి బండెక్కి చూసింది. స్టీరింగు మీద నిజంగానే ఒక బొట్టు ఉంది. వేలు ఆనించింది. "వచ్చిన దారినే పో."

బొట్టు అద్దం వైపు చూడనైనా చూడలేదు. స్టీరింగు మీదున్న సోమారు చేతి మీదికెక్కింది. మణికట్టు దాటి, చొక్కా మడతల మీదుగా భుజానికి పోయింది. అతను ఈగనుకుని చెయ్యెత్తబోతే లక్మే ఆ చెయ్యి పట్టుకుంది. "ఆగు." బొట్టు మెడ మీంచి నెరిసిన గడ్డంలోకి పోయి, చెంప మీద తేలి, అతని కుడికంటి కొసలో దూరిపోయింది.



"ఎన్నాళ్ళయింది సోమారన్నా?" అంది సుధామణి.

"హోలీ సంది" అన్నాడు. "ఎండల అద్దం తెల్లగయితది. నెత్తి పగులుతది. అద్దం పాతదయిందనుకున్న. కొన్నాళ్ళు నిజంగనే అనుకున్న. తర్వాత... అద్దమే అయితే బాగుండనుకున్న."

"మరి జగర్గుండా దాకా ఎట్ల తోలుతున్నవ్?"

"యాదితోని. ఏ గుంత యాడుందో నాకు తెల్వదా? మొన్న భేజ్జి మలుపు కాడ కట్టెలమోపుతోని ఒక ముసలామె... జానెడు దూరంల ఆగింది బండి."

"కుక్క అడ్డమొచ్చింది అన్నవ్ గదా నాతోని" అంది లక్మే.

లక్మే వంగి తాళంచెవి తీసి కొంగుకు ముడేసుకుంది.

"బండి ఆగితే మనం యాడ ఉంటం లక్మే?"

"బండిలనే ఉంటం. ఇల్లు ఆగితే ఏందట?"

సుధామణి కొట్టు షట్టరు దించింది. పట్టపగలు ఆ షట్టరు దిగడం చూసి ఎదుటి కిరాణావాడు రోడ్డు మీదికొచ్చాడు. పదిహేనేళ్ళు అద్దాల లోడు తనే తోలిన సుధామణికి ఈ బండి ఒక లెక్క కాదు. "పక్క సీట్లకు జరుగన్నా" అని సోమారును జరిపి, లక్మే దగ్గర తాళంచెవి తీసుకుని, చింతూరు మీదుగా భద్రాచలం కంటాసుపత్రికి పోనిచ్చింది.

కంటి డాక్టరమ్మ చాలాసేపు చూసింది. ఎడమకంట్లో శుక్లం, అది తీసేయొచ్చు. కుడికంట్లో నీటికాసులు. లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని తినేస్తోంది. "ఇంకో నెల ఆగి ఉంటే ఈ కన్ను పోయేది. ఇప్పుడైతే నిలబెడతాను" అంది. "ఇంతకీ మీకెట్లా అనుమానమొచ్చింది?"

"బండి అద్దం కారుతుందని వచ్చాడమ్మా. చుక్క వెనక్కి పోయి కంట్లో దూరింది" అంది సుధామణి.

డాక్టరమ్మ తలూపి, అదీ రాసుకుని, ఆపరేషను తేదీ చెప్పింది.

ఆపరేషనూ, తర్వాతి మందులూ కలిపి ఆ నెలన్నరా ఇల్లుబండి కోంటా బడి మైదానం పక్కనే ఉంది. పగలు లక్మే మిషను మీద యూనిఫారాలు కుట్టేది. సాయంత్రం సుధామణి పక్కన కూర్చుంటే మైదానం చుట్టూ బండి తోలేది. మొదటివారం గోల్‌పోస్టు ఒకటి వంగింది. మూడోవారానికి రివర్సులో వచ్చి చింతచెట్టు నీడన సరిగ్గా ఆపింది. ఆగస్టు చివర్లో చేతికి లైసెన్సు వచ్చింది.

కళ్ళకు మందు వేయడం తగ్గించి, బయట తిరగొచ్చని డాక్టరమ్మ చెప్పిన మర్నాడు సోమారు బండి ముందుకొచ్చి నిలబడ్డాడు. తలెత్తి అద్దాన్ని అటు నుంచి ఇటు చూశాడు.

"ఏందే ఇది? పురుగులు, బురద, పిట్టల రెట్ట! ఇంత మురికి పెట్టుకుని ఎట్ల తోలుతున్నరు?"

సుధామణి నవ్వాపుకోలేకపోయింది. లక్మే కిటికీలోంచి తడిగుడ్డ అందించింది.

అతను ఒక్కొక్క మరకా వెతుక్కుని మరీ తుడిచాడు. తుడిచి, చేతులు కడుక్కుని, అలవాటు కొద్దీ డ్రైవరు వైపు తలుపు దగ్గరికి పోయాడు. అక్కడ లక్మే కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, సీటు ముందుకు జరుపుకుంది.

"జరుగు" అన్నాడు.

"సంతకు పొద్దెక్కుతుంది. అటు దిక్కు నుంచి ఎక్కు" అంది లక్మే, ఇంజను స్టార్టు చేసి.

సోమారు ఒక క్షణం ఆగి, బండి చుట్టూ తిరిగిపోయి, రెండోవైపు ఎక్కి తలుపేసుకున్నాడు.