ఎత్తని జెండా

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. బస్సులన్నీ డిపోల్లోనే ఉండిపోయాయి. నిజామాబాద్ నుంచి రావాల్సిన లైన్స్‌మన్ బయలుదేరలేకపోయాడు. అందుకే ఆ శనివారం మధ్యాహ్నం కొండాపూర్ మైదానానికి ఆట చూద్దామని వచ్చిన అశ్విని చేతిలో పసుపు జెండా పెట్టాడు రిఫరీ బాలనర్సయ్య.

"నాకు ఫుట్‌బాల్ రాదు సార్," అంది అశ్విని. ఆమెది ప్రొద్దుటూరు. సమ్మె మొదలైనప్పటి నుంచీ తన యాస బయటపడకుండా ఆఫీసులో ముక్తసరిగా మాట్లాడుతోంది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా, నేర్పిస్త," అన్నాడాయన. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టరుగా పనిచేసిన మనిషి. గీత వెంబడి నడిపిస్తూ చెప్పాడు. "బంతి మొత్తం పక్కగీత దాటితే త్రో-ఇన్, ఎవరికి తగిలి పోతే వాళ్ల ఎదుటోళ్లకు. గోల్ గీత దాటితే, డిఫెండర్ తన్నింది కార్నర్, అటాక్ జేసెటోడు తన్నింది గోల్ కిక్. ఇగ అసలుది ఆఫ్‌సైడ్. పాస్ ఇచ్చిన టైముల, అందుకునెటోడు అవతలి సగంల, బంతికన్న ముందున్నడనుకో. వాని ముందట గోల్‌కీపర్ గాక ఇంకొక్కడన్న ఉండాలె. లేకుంటే జెండ లేపు. ఒక్కదానివే ఉన్నవు, ఈ కొసకెల్లి ఆ కొసకు ఉరకాలె."

ఆట ఆమె కంపెనీలోని రెండు అంతస్తుల మధ్య. ఎవరూ కావాలని చేయకపోయినా, మూడో అంతస్తు జట్టంతా తెలంగాణ కుర్రాళ్లే. ఐదో అంతస్తు జట్టులో సగానికి పైగా ఆంధ్రా వాళ్లు. గీత వెనక నిలబడ్డ జనం మూడో అంతస్తు వైపు. మధ్యమధ్య నినాదాలు లేస్తున్నాయి.

మూడో అంతస్తు ఫార్వర్డ్ మధుసూదన్ ఆఫీసులో ఆమెకు రెండు కుర్చీల అవతల కూర్చుంటాడు. మంచివాడే. కానీ జేబుకు బ్యాడ్జి పెట్టుకుని ర్యాలీలకు వెళ్లడం మొదలుపెట్టాక, అతను పలకరిస్తే చాలు, ఆమె తల ఊపి స్క్రీన్ వైపు తిరిగేది.

ఇరవయ్యో నిమిషంలో మధుసూదన్ గోల్ కొట్టాడు. పాస్ ఇచ్చినప్పుడే అతని ముందు ఐదో అంతస్తు గోల్‌కీపర్ ఆరోన్ ఒక్కడే ఉన్నాడు. అశ్విని స్పష్టంగా చూసింది. వీపు వెనకే జనం కేక. చెయ్యి లేవలేదు.

"మేడం, ఆఫ్‌సైడ్ కాదా అది?" అని ఆరోన్ అక్కడి నుంచే అరిచాడు. ఆమె తల తిప్పుకుంది.

విరామంలో బాలనర్సయ్య నీళ్ల సీసా అందిస్తూ అడిగాడు. "గా గోల్ మంచిగ చూసినవా బిడ్డా?"

"చూసినా సార్. ఆఫ్‌సైడే. భయమై జెండా ఎత్తల్యా." యాస బయటపడిపోయిందని అన్నాక గానీ తెలియలేదు.

"ఏ ఊరమ్మా?"

"ప్రొద్దుటూరు."

ఆయన అరుస్తాడనుకుని బిగుసుకుపోయింది. ఆయన గొంతు ఇంకా తగ్గింది.

"నిన్నెవరన్న ఏమన్న అన్నరా?"

"లేదు సార్."

"మరి గట్లెట్ల అనుకున్నవ్? రాష్ట్రమడిగెటోళ్లం బిడ్డా, ఆడపిల్లను కొట్టెటోళ్లం గాదు."

"ఆ గోల్ తీసెయ్యండి సార్."

"ఆట మళ్ల షురూ అయినంక తీర్పు మార్చరాదు. ఇంక సగం ఆట ఉన్నది. ఉంటవా, జెండ ఇచ్చి పోతవా?"

పోతాననే అనబోయింది. ఆయన ముఖం చూసి, జెండా పట్టుకుని గీత దగ్గరికి నడిచింది.

రెండో సగంలో ఐదో అంతస్తు గోల్ కొట్టి సమం చేసింది. ఇంకో మూడు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా మధుసూదన్‌కు మళ్లీ పాస్ వచ్చింది. మళ్లీ అతని ముందు ఆరోన్ ఒక్కడే. బంతి వలలో పడింది. అశ్విని జెండా ఎత్తింది. విజిల్ మోగింది. గోల్ లేదు.

"ఎవరామె? ఏడికెల్లొచ్చింది?" వెనక నుంచి ఎవరో కేకేశారు. జనం గీత మీదికి తోసుకొచ్చారు. అటు నుంచి మధుసూదన్ నేరుగా ఆమె మీదికే పరుగెత్తుకొస్తున్నాడు. ఆమె జెండా మాత్రం దించలేదు.

"ఎంత ముందటున్న?" అన్నాడు రొప్పుతూ.

"ఒక అడుగు."

"ఫస్ట్ హాఫ్‌ల గూడ నేను ఆఫ్‌సైడే. నాకెర్కే. గప్పుడెందుకు లేపలే?"

"భయపడినా."

"నాకా?"

ఆమె చూపు జనం మీదికి, మళ్లీ అతని మీదికి పోయింది. అతను జనం వైపు తిరిగి, "ఆఫ్‌సైడే! నడువుండ్రి వెనుకకు," అని అరిచి, ఆమె వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఆట సమంగా ముగిసింది. బస్సుల్లేవు కాబట్టి అశ్విని హాస్టల్‌కు నడిచే వెళ్లింది. దారిలో ఎవరూ ఏమీ అనలేదు. అయినా నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసింది. చూసిన ప్రతిసారీ సిగ్గేసింది.