బూరుగుదూది పరుపు

జహీరా నోటికి తెనాలిలో సగం బజారు భయపడేది. ఆమె ఎదురుగా నిలబడితే చేపలమ్మి కూడా తూకం సరిగ్గా వేసేది. అంతటి మనిషీ వానాకాలంలో పాచిపట్టిన మెట్టు మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. తెలివొచ్చాక నర్సు మంచం దగ్గరికి బెడ్‌పాన్ తెస్తే, "అది మళ్ళీ నా కంటబడిందా, నీ నెత్తినేసి కొడతా!" అంది. చస్తే చస్తాను గానీ బాత్రూముకి నా కాళ్ళమీద నేనే పోతాను, ఇదీ ఆమె పంతం.

ఆ పంతం చూసి కోడలు తరన్నుమ్‌కి ధైర్యమొచ్చింది. ఆమె బాపట్లలో ఒక ఎముకల ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పొద్దున్నే రైలెక్కి వెళ్ళి ఊళ్ళోవాళ్ళ కాళ్ళన్నీ నడిపించి వస్తుంది. ఇంట్లో కాలుని వదులుతుందా? వాకర్ తెచ్చి అత్త ముందు పెట్టింది. డాక్టరు కూడా కాలు మోపమనే చెప్పాడు.

"నొప్పిగా ఉంటే మోపమంటావేంటే?" అంది జహీరా.

"ఎముకలోపల సన్నసన్నటి గుంటల్లో కణాలుంటాయత్తమ్మా. మీరు బరువేస్తే వాటి చుట్టూ ఉన్న నీరు కదులుద్ది. అప్పుడు వాటికి తెలుస్తది, ఈ ఎముకతో పనుంది, గట్టిగా కట్టాలని. మోపకపోతే ఇంక దీంతో పనిలేదనుకుని, ఉన్నదాన్ని కూడా కరిగించేస్తాయి."

"అంటే నా ఎముకలు కూడా మీ మామయ్యలాంటియ్యే. నెత్తిన బరువు పడితేగానీ లేవవు!" అని నవ్వి లేచింది.

లేచిందిగానీ ఏడ్చింది. అడుగేసినప్పుడల్లా అల్లాని, కోడల్నీ కలిపి కేకలేసింది. ఆ కేకలు సందు చివరిదాకా వినపడేవి. ఎవరు మోశారో ఏమో, కబురు రేపల్లె చేరింది. ఆడపడుచు సుమయా రైలు దిగి చెప్పులు కూడా విప్పకుండా అందుకుంది.

"కాలిరిగిన మనిషిని గొడ్డుని తోలినట్టు తోలుతున్నావా? నీ తల్లయితే ఇట్టాగే చేసేదానివా?"

"వదినా, నడవకపోతే..."

"నోర్ముయ్!"

తరన్నుమ్ మొగుడు నవాజ్ మరీ ఘోరంగా అన్నాడు. "జీతానికి చేసే పని మా అమ్మ మీద చెయ్యమాక." ఆ మాటంటూనే వాకర్ తీసి అటకమీద పడేశాడు.

అతనిది పరుపుల కొట్టు. తాతల నాటి నుంచీ దూదేకిన చేతులు. తల్లి ఏడిస్తే ఆ చేతులకి తెలిసిన ఓదార్పు ఒక్కటే. మేలైన బూరుగుదూది ఏరి, గింజా పుల్లా లేకుండా ఏకి, పరుపు కుట్టి తెచ్చాడు. పడుకుంటే ఒంటికి మంచమే తగలదు. జహీరా అందులో కూరుకుపోయి హాయిగా కళ్ళు మూసుకుంది. "ఇంకొన్నాళ్ళు ఆగి నడుస్తాలేవే," అంది.

ఇదుగో, ఇక్కడ తరన్నుమ్ ఒంటికాలి మీద లేచి పోట్లాడాల్సింది. పోట్లాడలేదు. ఎదురుచెప్పలేదని ఆ సాయంత్రం సుమయా ఆమె తల్లో పూలు పెట్టింది. పక్కింటి ఆడవాళ్ళు మేకకాళ్ళ పాయా తెచ్చి, "ఎంత చదివినా పొగరు లేదమ్మా," అన్నారు. పెళ్ళయినప్పట్నుంచీ ఆ ఇంట్లో వినని మాట. విని ఊరుకుంది. మొహమాటమని తనకి తాను చెప్పుకుంది గానీ, నిజానికి ఆ మాట తియ్యగా ఉంది.

బాత్రూముకి నవాజే తల్లిని చేతులమీద ఎత్తుకుని తీసుకెళ్ళేవాడు. చూసినవాళ్ళు కొడుకంటే ఇట్టా ఉండాలన్నారు. వానలు పోయి చలి వచ్చింది, చలి పోయి ఎండలొచ్చాయి. జహీరా పిక్కలు చీపురుపుల్లలయ్యాయి. తరన్నుమ్ మాత్రం రోజూ బాపట్లలో, "మోపండి మామ్మగారూ, మోపితేనే ఎముక," అని చెప్పి వస్తూనే ఉంది.

ఒకరోజు పొద్దున నవాజ్ తల్లిని ఎత్తుకుని గుమ్మం దాటుతుంటే ఆమె రెండోకాలు ద్వారబంధానికి తగిలింది. గట్టిగా కూడా కాదు. టప్‌మని చప్పుడైంది. ఆ చప్పుడు నవాజ్ తన చేతుల్లోనే విన్నాడు.

బాపట్లలో తరన్నుమ్ పనిచేసే ఆసుపత్రి డాక్టరు జగన్నాథరావు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూశాడు. "లోపల గుల్లయిపోయిందమ్మా. స్క్రూ వేసినా పట్టదు. ఇక లేవడం కష్టం," అని తరన్నుమ్ వైపు తిరిగి, "ఇంట్లో నువ్వుండి కూడానా?" అన్నాడు. సుమయా గోడకానుకుని ఏడుస్తోంది. నవాజ్ తన భార్య మొహంలోకి చూడలేక బయటికి వెళ్ళిపోయాడు.

వార్డులో అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు. జహీరాకి ఏడుపు రాలేదు.

"మోపకపోతే కరిగిపోతాయని నువ్వే చెప్పావు. మేమంటే మూర్ఖులం. తెలిసీ ఎందుకూరుకున్నావే?"

తరన్నుమ్ అబద్ధం వెతుక్కుంది, దొరకలేదు.

"మంచి కోడలనిపించుకుందామని అత్తమ్మా."

అత్త తిడుతుందేమోనని, తిడితే బాగుండునని తరన్నుమ్ తల వంచుకుని నిలబడింది.

"అనిపించుకున్నావుగా," అంది జహీరా. తర్వాత మొహం గోడవైపు తిప్పుకుని, "ఇక బెడ్‌పాన్ పెట్టు," అంది.